బైపీసీ నుంచి ల్యాబ్‌కి వచ్చాక: లెక్క ఎక్కడ తప్పుతోంది?

పదో తరగతితో లెక్కలకు దండం పెట్టి బైపీసీలో చేరినవాళ్లకు పీహెచ్‌డీలో ఒకటే టెన్షన్: ఇప్పుడు కాలిక్యులస్ మొదలుపెట్టాలా? చాలామందికి అక్కర్లేదు. ల్యాబ్‌లో కొంప ముంచేవి వేరే ఉన్నాయి.

సమస్య: అదే మందు, అవే కణాలు. మీ ఫలితం, పక్కవాళ్ల ఫలితం కలవవు.
కారణం: ముందు డైల్యూషన్‌ని అనుమానించండి. 1:10 అంటే ఒకరు ఒక పాలు మందుకి 9 పాలు బఫర్ (పలచన చేసే ద్రావణం) పోస్తారు, ఇంకొకరు 10 పోస్తారు. మూడుసార్లు పలచన చేసేసరికి ఒకరిది 1000 రెట్లు, మరొకరిది 1331 రెట్లు.
పరిష్కారం: నోట్‌బుక్‌లో నిష్పత్తి కాకుండా మైక్రోలీటర్లు రాయండి.

సమస్య: క్యూపీసీఆర్‌లో (డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) సీటీ, అంటే డీఎన్‌ఏ కనబడటానికి పట్టిన సైకిళ్ల సంఖ్య, 24 నుంచి 27 అయింది. స్లైడ్‌లో "జీన్ 3 యూనిట్లు పెరిగింది" అని పెట్టారు.
కారణం: సీటీ లాగ్ స్కేలు. సైకిల్‌కోసారి డీఎన్‌ఏ దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, 3 సైకిళ్లు ఆలస్యమైతే ఉన్నది ఎనిమిదో వంతే. పెరగడం కాదు, తగ్గడం!
పరిష్కారం: లాగ్‌లు మళ్లీ చదవండి, ఇందులో మొహమాటం వద్దు. శాంపిల్‌ని 10 రెట్లు పలచన చేస్తే సీటీ సుమారు 3.3 పెరగాలి. పెరగకపోతే ప్రైమర్లనో (డీఎన్‌ఏ కాపీని మొదలుపెట్టే చిన్న ముక్కలు), పిపెటింగ్‌నో చూసుకోవాలి. హౌస్‌కీపింగ్ జీన్ (పోలికకు వాడే, మామూలుగా మారని జీన్) సీటీ కదల్లేదని తేలాకే తగ్గిందని చెప్పండి.

సమస్య: పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) 0.0001. అయినా రివ్యూయర్ ఒప్పుకోలేదు.
కారణం: గ్రూపుకి 3 ఎలుకలు, ఒక్కోదాన్నుంచి 100 కణాలు కొలిచి ఎన్ (శాంపిళ్ల సంఖ్య) 300 అని రాశారు. మందు ఇచ్చింది ఎలుకకు. ఒకే ఎలుక కణాలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. మీ ఎన్ 3. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ఖరీదైన తప్పు, ఎందుకంటే బయటపడేసరికి ఎలుకలు ఉండవు.
పరిష్కారం: ఎలుకకో సగటు తీసి పోల్చండి, లేదా మిక్స్‌డ్ మోడల్ (ఏ కణం ఏ ఎలుకదో లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడండి. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను ప్రయోగానికి ముందే కలవండి.

సమస్య: 20,000 జీన్లు పరీక్షిస్తే వందల కొద్దీ "ముఖ్యమైనవి" వచ్చాయి.
కారణం: ఏ తేడా లేకపోయినా పీ విలువకు 0.05 హద్దు పెడితే సుమారు 1000 అదృష్టవశాత్తూ వస్తాయి.
పరిష్కారం: బెంజమిని–హాక్‌బర్గ్ సవరణ (ఒకేసారి ఎన్నో పరీక్షలు చేసినప్పుడు ఇలా వచ్చేవాటిని అదుపు చేసే పద్ధతి).

కాలిక్యులస్ సంగతంటారా? మందు రక్తంలోంచి తగ్గే వేగం, అంటువ్యాధుల మోడల్స్ మీ థీసిస్‌లో ఉంటే తప్పదు. సింగిల్ సెల్ డేటా (ఒక్కో కణాన్ని విడిగా కొలిచిన డేటా) అయితే ముందు మాత్రికలు చూడండి.