నాయకులకు మద్దతిస్తూనే నిరీక్షణను దేవునిలో నిలుపుకోవడం ఎలా?

ఎన్నికలు దగ్గరపడే కొద్దీ విశ్వాసుల ప్రార్థనల్లో ఒక భయం వినిపిస్తుంది. ఫలానా నాయకుడు గెలిస్తే సంఘానికి మంచి రోజులు వస్తాయని, ఓడితే ఇక దిక్కు లేదని, దేవుని కార్యమంతా ఒక మనిషి గెలుపు మీదే ఆధారపడి ఉన్నట్టు మాట్లాడుకుంటారు. ఓటు వేయడం, ఒక పార్టీని సమర్థించడం, అవసరమైతే రాజకీయాల్లోకి వెళ్లడం విశ్వాసికి తగని పనులు కావు. దేవుడు మాత్రమే ఇవ్వగలిగిన దాన్ని నాయకుడు ఇస్తాడని ఎదురుచూడడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

కాబట్టి మొదట మన హృదయాన్ని పరీక్షించుకోవాలి. మనం అభిమానించే నాయకుడి మీద విమర్శ వినగానే, అది నిజమో కాదో విచారించకముందే కోపం వస్తోందా? అతని ఓటమి వార్త విన్న రాత్రి నెమ్మదిగా ప్రార్థించగలమా? ఎదుటి పార్టీ నాయకుడు అబద్ధమాడితే పాపమని ఖండించిన మనమే, మన నాయకుడు అదే పని చేసినప్పుడు రాజకీయాల్లో ఇవన్నీ తప్పవని సరిపెట్టుకుంటున్నామా? నా దృష్టిలో ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. కోపమూ దిగులూ స్వభావాన్ని బట్టి కూడా రావచ్చు గాని, ఒకే పాపానికి రెండు కొలతలు వాడుతున్నామంటే, కొలతను నిర్ణయించే అధికారం అప్పటికే దేవుని వాక్యం చేతిలోంచి జారిపోయిందన్నమాట.

తర్వాత, నాయకుడి నుండి సరిగ్గా ఏమి ఆశిస్తున్నామో కాగితం మీద రాసుకోవడం మేలు చేస్తుంది. మొదటి సమూయేలు 8వ అధ్యాయంలో ఇశ్రాయేలు పెద్దలు రాజు కావాలని అడిగినప్పుడు, అతడు తమకు న్యాయం తీర్చాలని, తమ ముందు నడిచి యుద్ధాలు చేయాలని కోరుకున్నారు. న్యాయం కోరడంలో తప్పు లేదు; సమూయేలు కుమారులు లంచాలు పుచ్చుకుంటున్నారన్న వారి ఫిర్యాదు కూడా నిజమే. అయినా వాళ్లు విసర్జించింది సమూయేలును కాదని, తననేనని దేవుడు చెప్పాడు. రాజు వారి కుమారులను రథాలకు, కుమార్తెలను వంటశాలకు తీసుకుపోతాడని, పంటలో పదోవంతు పుచ్చుకుంటాడని సమూయేలు ముందే వివరించినా వారు వినలేదు. మీ జాబితాలో చట్టం, భద్రత, పేదలకు సహాయం వంటివి ఉంటే అవి నాయకుడిని అడగదగినవే. గౌరవం, భయం లేని జీవితం, సంఘానికి విజయం, సమాజానికి మారుమనస్సు వంటివి ఉంటే వాటిని ఆ జాబితాలోంచి తీసి ప్రార్థనలో పెట్టండి.

ఇక్కడ 146వ కీర్తనను తొందరపడకుండా చదవాలి. "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు వారిని నమ్ముకొనకుడి" అన్న మూడో వచనం మనందరికీ కంఠతా వచ్చు. దానికి కారణం నాల్గవ వచనంలో ఉంది: రాజు ప్రాణం విడిచిన నాడే అతని సంకల్పాలు నశిస్తాయి. రాజు చెడ్డవాడని కీర్తనకారుడు అనడం లేదు, రాజు మరణించేవాడని అంటున్నాడు; అందుచేత ఈ హెచ్చరిక ఎంతో మంచి నాయకుడికి కూడా వర్తిస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోయి, రాజకీయాలతో మనకేమీ పని లేదని తేల్చేస్తారు. కాని కీర్తన ఆగదు. బాధపరచబడిన వారికి దేవుడు న్యాయం తీరుస్తాడని, ఆకలిగొన్న వారికి ఆహారమిస్తాడని, బంధింపబడిన వారిని విడిపిస్తాడని, పరదేశులను, తండ్రిలేని వారిని, విధవరాండ్రను ఆదరిస్తాడని 7 నుండి 9వ వచనం వరకు చెబుతుంది. నమ్మకం ఎవరి మీద పెట్టాలో చెప్పిన కీర్తనే, నాయకులను ఏ కొలతతో కొలవాలో కూడా నేర్పుతోంది. ఓటు వేసే ముందు ఆ మూడు వచనాలను ఎదురుగా పెట్టుకుని, ప్రతి అభ్యర్థి మాటలను, అంతకంటే ముఖ్యంగా గత పనులను, ఒక్కొక్క వర్గం వారి విషయంలో పరిశీలించండి. మన సంఘానికి ఏమి చేస్తాడన్న ప్రశ్న ఆ తర్వాతే రావాలి.

ప్రార్థనకు ఒక క్రమం పెట్టుకోండి. మీరు మెచ్చే నాయకుడి పేరు, మీకు ఏమాత్రం గిట్టని నాయకుడి పేరు పక్కపక్కన రాసి, ఇద్దరి కోసం ఒకే మాటలతో ప్రార్థించండి: జ్ఞానం, నీతి, దేవుని భయం. రాజుల కోసం, అధికారుల కోసం విజ్ఞాపన చేయమని పౌలు తిమోతికి రాసినది రోమా చక్రవర్తి పాలనలో. ఆ చక్రవర్తి క్రైస్తవుడు కాదు. గిట్టని పేరు దగ్గర నోరు పెగలకపోతే, ఆ విషయాన్నే దేవునికి చెప్పండి.

సంఘ కాపరులు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చినప్పుడు, ఎందరో క్రైస్తవులు దాన్ని దేవుడిచ్చిన మేలుగా స్వాగతించారు. "జర్మన్ క్రైస్తవులు" అనే ఉద్యమం సంఘాన్నే నాజీ సిద్ధాంతానికి అనుగుణంగా మార్చబోయింది. 1934 మే నెలలో జర్మనీలోని బార్మెన్‌లో సమావేశమైన, దాన్ని వ్యతిరేకించే సంఘ ప్రతినిధులు, వేదాంతి కార్ల్ బార్త్ ప్రధానంగా రాసిన ప్రకటనలో, మనం విని లోబడవలసిన దేవుని ఏకైక వాక్యం యేసుక్రీస్తేనని స్పష్టం చేశారు. అందుచేత ప్రసంగ వేదికను ఏ అభ్యర్థికీ ఇవ్వకూడదు, ఆరాధనలో ఏ పార్టీనీ పొగడకూడదు. వేరే పార్టీకి ఓటు వేసిన విశ్వాసి కూడా ప్రభురాత్రి భోజనానికి సంకోచం లేకుండా రాగలగాలి.

ఓటమి తర్వాత వచ్చే నిరాశను కూడా తేలికగా తీసుకోకూడదు. యూదా ప్రజల్లో కొందరు బబులోనుకు చెరగా పోయిన రోజుల్లో, ఆ బబులోను కాడి రెండేళ్లలో విరిగిపోతుందని హనన్యా అనే అబద్ధ ప్రవక్త ప్రవచిస్తే జనానికి వినసొంపుగా ఉంది. యిర్మీయా ప్రవక్త మాత్రం డెబ్బై ఏళ్లని చెప్పి, ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, తాము చెరగా వెళ్లి ఉంటున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని చెరలోని వారికి ఉత్తరం రాశాడు. కాబట్టి ఫలితం వచ్చిన మరుసటి వారమే, ఏ ప్రభుత్వం వచ్చినా ఆగకూడని ఒక సేవను ఎంచుకోండి: జైలులో ఉన్నవారిని చూడడం, ఒంటరి వృద్ధులకు తోడుండడం, చదువు ఆగిన పిల్లలకు పాఠాలు చెప్పడం.

మీ నాయకుడు గెలిస్తే బాధ్యత ఇంకా పెరుగుతుంది. దావీదు సింహాసనం నిత్యం స్థిరపడుతుందన్న వాగ్దానాన్ని తెచ్చిన నాతాను ప్రవక్తే, దావీదు తన సైనికుడు ఊరియాను చంపించిన తర్వాత అదే రాజు ముందు నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఆ తర్వాత రాజును విడిచిపోలేదు కూడా. దావీదు ముసలివాడైనప్పుడు సొలొమోను పక్షాన నిలిచినవారిలో అతడున్నాడు. మీరు గెలిపించిన నాయకుడు తప్పు చేసినప్పుడు, ప్రత్యర్థులు గొంతెత్తేదాకా ఆగకుండా, మద్దతుదారులుగా మీరే ముందు ఉత్తరం రాయండి. జరిగిన తప్పేమిటో, దానివల్ల ఎవరు నష్టపోయారో, ఏమి సరిచేయాలో గౌరవంగా, దాచకుండా చెప్పి, కింద మీ పేరు రాసి పంపండి.