ఆరోగ్య సమాచార మార్పిడికి వెబ్ సేవలు – 5వ పాఠం: జవాబు రాని రిక్వెస్టు

గత పాఠంలో ఒక హిమోగ్లోబిన్ ఫలితాన్ని ఆరోగ్య సమాచార మార్పిడికి వాడే ఫైర్ ప్రమాణం నాలుగవ విడుదల ప్రకారం ‘అబ్జర్వేషన్’ అనే కొలత రికార్డుగా కూర్చి, కొత్తది చేర్చమని కోరే పోస్ట్ పద్ధతిలో సర్వర్‌కు పంపి, 201 (కొత్తది చేరింది) అనే జవాబు అందుకున్నాం. మన సొంత కంప్యూటర్‌లోనే నడిచే సర్వర్ కాబట్టి పంపిన ప్రతిసారీ జవాబు తిరిగి వచ్చింది. ల్యాబ్ ఒక ఊళ్లో, ఆసుపత్రి మరో ఊళ్లో ఉన్నప్పుడు అలా జరగదు. ఈ పాఠమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రిక్వెస్టు పంపాం, జవాబు రాలేదు, ఇప్పుడు ఏం చేయాలి?

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. నరసరావుపేటలోని ఒక చిన్న ల్యాబ్ తన ఫలితాలను గుంటూరులోని ఒక ఆసుపత్రి సర్వర్‌కు పంపుతుంది. ఉదయం 10 గంటల 42 నిమిషాల 7 సెకన్లకు టెక్నీషియన్ ఒక ఫలితాన్ని ఆమోదించారు: హిమోగ్లోబిన్, పరీక్షలను గుర్తించే లాయింక్ కోడ్ 718-7, విలువ డెసీలీటరుకు 6.8 గ్రాములు. రెండు సెకన్లలో ఆసుపత్రి సర్వర్ దాన్ని అందుకొని, 8841 అనే సంఖ్యతో భద్రపరచి, జవాబు పంపింది. ఆ జవాబు దారిలో ఉండగానే ల్యాబ్ వైపు ఇంటర్నెట్ తెగిపోయింది. ముప్పై సెకన్లు ఎదురుచూసిన ల్యాబ్ సాఫ్ట్‌వేర్, ఫలితం చేరలేదని భావించి, కనెక్షన్ రాగానే అదే ఫలితాన్ని మళ్లీ పంపింది. సర్వర్ దాన్ని 8842గా భద్రపరచింది.

ఒకప్పటి రిజిస్టర్డ్ పోస్టుకు జోడించిన అక్‌నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగి రాలేదంటే ఉత్తరం చేరలేదని అర్థం కాదు. ఉత్తరం చేరి కార్డే దారిలో పోయి ఉండవచ్చు. పంపినవారి వైపు నుంచి చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, వాటిని వేరు చేసి చూపే ఉపాయం పంపినవారి చేతిలో లేదు. కాబట్టి చేరిందా లేదా అని తేల్చుకోవడం మీద కాకుండా, రెండోసారి పంపినా హాని జరగకుండా ఏర్పాటు చేసుకోవడం మీద శ్రమ పెట్టాలి.

ఒకే ఫలితం రెండుసార్లు కనబడితే కొంపలేం మునిగిపోతాయని చాలామంది ప్రోగ్రామర్లు అడుగుతారు. వార్డులో డాక్టరు తెర మీద ఏం కనిపిస్తుందో చూడండి. 6.8, దాని కిందే మళ్లీ 6.8. నిలకడగా ఉన్న పెద్దవారిలో రక్తం ఎక్కించే ఆలోచనకు 7 గ్రాముల గీతను విస్తృతంగా వాడతారు. ఒక్క 6.8 కనిపిస్తే అనుమానించి మరోసారి పరీక్ష చేయించే డాక్టరు, రెండు కనిపిస్తే మరోసారి చేసి నిర్ధారించుకున్నారనే భావిస్తారు. నెట్‌వర్క్ తప్పిదం ఇక్కడ వైద్య సాక్ష్యంగా మారిపోయింది. అంతకన్నా పెద్ద చిక్కు తరువాత వస్తుంది. నమూనాలు తారుమారయ్యాయని మధ్యాహ్నం ల్యాబ్ గుర్తించి, 8842ను 11.2గా సవరిస్తుంది. 8841 ఉన్నదనే సంగతే ల్యాబ్‌కు తెలియదు. అది 6.8గా, ‘ఫైనల్’ అనే స్థితితో, ఎవరూ సరిచేయని అబద్ధంగా రోగి రికార్డులో మిగిలిపోతుంది.

వెబ్‌లో రిక్వెస్టులూ జవాబులూ నడిచే హెచ్‌టీటీపీ నియమావళిలో పద్ధతులన్నీ ఈ విషయంలో సమానం కావు. గడియ పెట్టి ఉన్న తలుపుకు మళ్లీ గడియ పెట్టబోయినా తలుపు ఉన్నట్టే ఉంటుంది. నిండిన ప్రమిదలో మళ్లీ నూనె పోస్తే ఒలుకుతుంది. గెట్ (చదవడం), పుట్ (ఉన్నదాని స్థానంలో రాయడం), డిలీట్ (తీసేయడం) మొదటి రకానివి, పోస్ట్ రెండో రకానిది. 2022 జూన్‌లో వెలువడిన హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110 మొదటి రకాన్ని ఐడెంపొటెంట్ పద్ధతులని పేర్కొంటుంది. అయితే కొత్త ఫలితాన్ని చేర్చడానికి ఫైర్‌లో సహజమైన దారి పోస్టే కాబట్టి, దానికి ఒక గడియ బిగించుకోవాలి. ఆ గడియ పేరు షరతుతో కూడిన సృష్టి. పోస్ట్ రిక్వెస్టుకు ‘ఇఫ్-నన్-ఎగ్జిస్ట్’ అనే హెడర్ (రిక్వెస్టుతో పాటు వెళ్లే చిన్న సూచన) జోడించి, అందులో ‘ఈ ఐడెంటిఫయర్ (గుర్తింపు నంబరు) ఉన్న అబ్జర్వేషన్ ఇప్పటికే లేకపోతేనే చేర్చు’ అనే అర్థం వచ్చేలా ఒక వెతుకులాట షరతు రాస్తాం. అటువంటిది సర్వర్‌లో ఏదీ లేకపోతే కొత్తది సృష్టించి 201 ఇస్తుంది. ఒకటి ఉంటే మనం పంపినదాన్ని పక్కన పెట్టి 200 ఇస్తుంది. ఒకటి కన్నా ఎక్కువ ఉంటే 412తో తిరస్కరిస్తుంది. పై ఉదాహరణలో ఈ హెడర్ ఉండి ఉంటే రెండో ప్రయత్నానికి 200 వచ్చేది, 8842 పుట్టేదే కాదు. మీరు వాడే సర్వర్ ఈ సదుపాయాన్ని ఇస్తుందో లేదో దాని సదుపాయాల జాబితా అయిన కేపబిలిటీ స్టేట్‌మెంట్‌లో ముందే చూసుకోండి, అన్ని సర్వర్లూ ఇవ్వవు.

ఇదంతా ఐడెంటిఫయర్ మీద ఆధారపడి ఉంది, ఎక్కువ తప్పులు జరిగేదీ దాని దగ్గరే. నేను ఒకసారి రోజంతా తల పట్టుకుని వెతికిన తప్పు ఇలాంటిదే: హెడర్ సరిగ్గానే ఉంది, సర్వర్ సరిగ్గానే ఉంది, అయినా నకళ్లు పుడుతూనే ఉన్నాయి. ఐడెంటిఫయర్‌ను తయారుచేసే వాక్యాన్ని పంపే ఫంక్షన్ లోపలే రాసుకున్నాను. అందువల్ల ప్రతి ప్రయత్నానికీ కొత్త ఐడెంటిఫయర్ పుట్టి, సర్వర్‌కు ప్రతిదీ కొత్త ఫలితంలాగే కనిపించింది. ఐడెంటిఫయర్ పుట్టవలసింది పంపేటప్పుడు కాదు, నమూనా ల్యాబ్‌లోకి వచ్చి దానికి నంబరు పడినప్పుడు.

ఫైర్‌లో ఐడెంటిఫయర్‌కు ముఖ్యమైన భాగాలు రెండు: ఆ నంబర్లను ఎవరు ఇస్తున్నారో తెలిపే ‘సిస్టమ్’, ఆ నంబరైన ‘వాల్యూ’. మన ల్యాబులలో చాలా చోట్ల నమూనా నంబరు ప్రతి ఉదయం ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, ఉత్త 57 అని రాస్తే నిన్నటి 57 ఉండటం చూసి సర్వర్ నేటి 57ను నిశ్శబ్దంగా పక్కన పెట్టేస్తుంది, ఇది నకలు కన్నా ప్రమాదకరం. తేదీని తప్పక చేర్చండి. ఒకే రక్తనమూనా మీద నాలుగైదు పరీక్షలు జరుగుతాయి కాబట్టి పరీక్ష కోడు కూడా చేర్చండి. రెండు శాఖలుంటే శాఖకొక సిస్టమ్ ఉండాలి. అదే నమూనాను యంత్రంలో నిజంగానే రెండోసారి నడిపితే అది వేరే కొలత, దానికి ‘2’ అనే వరుస సంఖ్య ఇచ్చి వేరే ఐడెంటిఫయర్‌తో పంపండి. అప్పుడు తెర మీద రెండు 6.8లు కనిపించాయంటే నిజంగా రెండుసార్లు కొలిచారనే అర్థం.

షరతుతో కూడిన సృష్టిలో ఒక మెలిక ఉంది. ఐడెంటిఫయర్ సరిపోయిందంటే సర్వర్ లోపలి విలువను పోల్చి చూడదు, 6.8 బదులు 11.2 పంపినా 200 అనేసి ఊరుకుంటుంది. 200 వచ్చింది కదా అని ల్యాబ్ నిశ్చింతగా ఉంటుంది, పాత విలువ అక్కడే ఉంటుంది. కాబట్టి సవరణలకు ఈ దారి పనికిరాదు. సవరించేటప్పుడు ముందుగా ఆ రికార్డును గెట్‌తో తెచ్చుకుని, విలువ మార్చి, స్థితిని ‘కరెక్టెడ్’ అని పెట్టి, పుట్‌తో పంపాలి. ఆ పుట్‌కు ‘ఇఫ్-మ్యాచ్’ హెడర్‌లో మనం చదివిన వెర్షన్ సంఖ్యను జోడించాలి. ఈలోగా మరొకరు ఆ రికార్డును మార్చి ఉంటే సర్వర్ 412 ఇస్తుంది. అప్పుడు మళ్లీ చదివి, మార్పులు చూసుకుని, మళ్లీ పంపాలి. ఆ సవరణకే జవాబు రాకపోతే? మళ్లీ పంపినప్పుడు 412 రావచ్చు, ఎందుకంటే వెర్షన్‌ను మార్చింది మన మొదటి ప్రయత్నమే. గాభరా పడకుండా గెట్‌తో చదివితే 11.2 అక్కడే కనిపిస్తుంది.

ఇక మళ్లీ పంపడం గురించి. జవాబు రాకపోయినా, 503 (సర్వర్ అందుబాటులో లేదు), 504 (సకాలంలో జవాబు రాలేదు), 429 (రిక్వెస్టులు ఎక్కువయ్యాయి) వచ్చినా మళ్లీ ప్రయత్నించడం సబబే. 401 (పంపినవారెవరో రుజువు కాలేదు) వస్తే గుర్తింపు కోసం పంపే టోకెన్ గడువు చూసుకుని, కొత్తది తెచ్చుకుని పంపాలి. 400 లేదా 422 వస్తే తప్పు మనం పంపిన సమాచారంలోనే ఉంది, వందసార్లు పంపినా అదే జవాబు వస్తుంది. సాధారణంగా జవాబుతో పాటు వచ్చే ‘ఆపరేషన్ అవుట్‌కమ్’‌లో తప్పెక్కడో రాసి ఉంటుంది, దాన్ని మనిషి చదవాలి. ప్రయత్నాల మధ్య విరామాన్ని 2, 4, 8, 16 సెకన్లుగా పెంచుతూ, విరామం పదిహేను నిమిషాలకు చేరాక ఆ పెంపును ఆపి, ప్రతి విరామానికీ యాదృచ్ఛికంగా కొంత సమయం కలపండి. లేకపోతే ఆసుపత్రి సర్వర్ రీస్టార్ట్ అయిన క్షణంలోనే దానితో ముడిపడిన ల్యాబులన్నీ ఒక్కసారిగా మీదపడి దాన్ని మళ్లీ పడగొడతాయి. సర్వర్ ‘రిట్రై-ఆఫ్టర్’ అని సమయం చెబితే ఆ మాటే వినాలి.

ల్యాబ్‌లోనే కరెంటు పోతే? ఫలితాన్ని ఆమోదించినప్పుడు దాన్ని నేరుగా నెట్‌వర్క్ మీదకు వదలకూడదు. ల్యాబ్ డేటాబేస్‌లో ‘పంపవలసినవి’ అనే పట్టిక ఒకటి పెట్టి, ఫలితాన్నీ ఆ పట్టికలోని వరుసనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయాలి, రాస్తే రెండూ రాయబడాలి, లేకపోతే రెండూ రాయబడకూడదు. పంపే పని వేరే ప్రోగ్రాముది. అది పట్టికలోంచి ఒక్కొక్కటి తీసి, పంపి, 200 లేదా 201 వచ్చాకే ‘చేరింది’ అని గుర్తు పెడుతుంది. ఒకే ఐడెంటిఫయర్‌కు చెందినవి వచ్చిన వరుసలోనే వెళ్లాలి, లేకపోతే ‘ప్రిలిమినరీ’ ఫలితం వెనక నుంచి వచ్చి ‘ఫైనల్’ను తుడిచేస్తుంది. 422తో ఆగిపోయినవాటిని ఎవరూ తెరవని లాగ్ ఫైలులో పడేయకండి; కౌంటరు దగ్గరి తెర మీద ‘ఆగినవి: 3’ అని ఎర్రగా కనిపించేలా పెట్టండి. నా మటుకు నాకు ఆ ఎర్ర అంకె కన్నా నమ్మకమైన హెచ్చరిక వ్యవస్థ తారసపడలేదు.

మన దేశంలో 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన, ఆరోగ్య రికార్డులను అనుసంధానించే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో మీ సాఫ్ట్‌వేర్‌ను అనుసంధానించబోతుంటే, ఈ పాఠం మరికొంత ముందుకు సాగుతుంది. అక్కడి గేట్‌వే (రిక్వెస్టులను దాటించే మధ్యవర్తి సర్వర్) మన రిక్వెస్టుకు వెంటనే ఇచ్చేది 202, అంటే ‘అందింది, పని ఇంకా కాలేదు’ అని మాత్రమే. అసలు ఫలితం తరువాత మన సర్వర్‌కే వేరే రిక్వెస్టుగా వస్తుంది. ఏ ప్రశ్నకు ఏ జవాబో పోల్చుకోవడానికి రిక్వెస్టు ఐడీ ఆధారం. కాబట్టి 202 చూసి ‘చేరింది’ అని గుర్తు పెట్టకండి, పట్టికలో ‘జవాబు రావాలి’ అనే మరో స్థితి చేర్చుకోండి. వచ్చే జవాబు కూడా రెండుసార్లు రావచ్చు, కనుక అందుకునే వైపు మీరున్నప్పుడు కూడా చూసిన ఐడీలను గుర్తుపెట్టుకుని, రెండోసారి వచ్చినదానికి కొత్తగా పనిచేయకుండా జవాబిస్తే చాలు.

అభ్యాసం: మొదటి పాఠంలో డాకర్ అనే సాధనంతో మీ కంప్యూటర్‌లో పెట్టుకున్న హాపి ఫైర్ సర్వర్‌నే వాడండి. ఇంటర్నెట్‌లోని బహిరంగ పరీక్షా సర్వర్లలో అసలు రోగుల వివరాలు ఎన్నడూ పెట్టకండి, అక్కడ పెట్టినది అందరికీ కనిపిస్తుంది. మీరు రాసిన పంపే ప్రోగ్రాములో ఎదురుచూసే సమయాన్ని కావాలనే ఒక మిల్లీసెకనుకు తగ్గించి, ఒకే ఫలితాన్ని ఐదుసార్లు పంపండి. తరువాత ఆ ఐడెంటిఫయర్‌తో వెతికి ఎన్ని అబ్జర్వేషన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటి కన్నా ఎక్కువ కనిపిస్తే, ఐడెంటిఫయర్ పుడుతున్న వాక్యం దగ్గరికి వెళ్లి చూడండి. ఒకటే కనిపిస్తే, అదే ప్రోగ్రామును రెండు కిటికీలలో ఒకే క్షణాన నడిపి మళ్లీ లెక్కపెట్టండి. ఈసారి వచ్చే అంకెను రాసిపెట్టుకోండి, 6వ పాఠం దానితోనే మొదలవుతుంది.