టర్బోనా, పెద్ద ఇంజినా? ముందు మీ ఊరి ఎత్తు చూసుకోండి

నేను అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాను. మా పిన్ని కొడుకు టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో ఉంటాడు. ఇద్దరివీ 2019 ఫోర్డ్ మస్టాంగ్ కార్లే. నాది 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి పంపుకునే ఇంజిన్, పేరు ఎకోబూస్ట్. వాడిది టర్బో లేని 5.0 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, మోడల్ పేరు జీటీ. పోయిన వేసవిలో వాడు కారేసుకుని మా ఇంటికొచ్చాడు. మర్నాడు ఇద్దరం రెండు కార్లలో ఐ-70 హైవే మీద కొండల్లోకి బయల్దేరాం. జార్జ్‌టౌన్‌లో కాఫీకి ఆగినప్పుడు, "అక్కా, ఎక్కుతుంటే నా కారుకి ఊపిరాడనట్టుంది, ఇంజిన్ ఏమైనా పోయిందంటావా?" అని టెన్షన్ పడ్డాడు. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. అక్కడి గాలే పలచన.

అందుకే ఈ రెండింట్లో ఏది కొనమంటావని ఎవరడిగినా, ముందు మీరు నడిపే రోడ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పమంటాను.

టర్బో లేని ఇంజిన్ బయట ఎంత ఒత్తిడి ఉంటే అంత గాలినే పీల్చుకుంటుంది. ఎక్కువ శక్తి కావాలంటే సిలిండర్లు పెద్దవి చేయాలి, లేదా ఇంకా వేగంగా తిప్పాలి. టర్బో ఇంజిన్‌లో పొగగొట్టంలోకి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. బయట గాలి పలచబడితే ఆ చక్రం ఇంకొంచెం వేగంగా తిరిగి లోటు పూడుస్తుంది.

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకి టర్బో లేని ఇంజిన్ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. డెన్వర్ 5,280 అడుగులు, అంటే 16 శాతం దాకా పోయినట్టే. జీటీకి కంపెనీ చెప్పే లెక్క 460 హార్స్‌పవర్, 420 పౌండ్-ఫీట్ టార్క్ (తిప్పే బలం). మా ఊళ్లో అవి 386, 353 అవుతాయి. నా ఎకోబూస్ట్‌కి 310 హార్స్‌పవర్, 350 పౌండ్-ఫీట్. అందులో పోయేది కొంచెమే. టార్క్ దాదాపు సమానమైపోయింది చూడండి. పైగా నాది 3,000 ఆర్‌పీఎమ్‌కే (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) అందుతుంది, వాడిది 4,600 దాకా తిప్పితే గానీ పూర్తిగా రాదు. ఐ-70 మీదే ఉన్న ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. అక్కడ జీటీకి మిగిలేది 310కి అటూ ఇటూ. ఆ ఎత్తులో టర్బోకీ కొంత తగ్గుతుంది, బూస్ట్ (టర్బో ఒత్తి పంపే గాలి ఒత్తిడి) రావడం ఇంకాస్త ఆలస్యమవుతుంది, అయినా రెండు కార్లూ పక్కపక్కనే ఎక్కుతాయి. దగ్గర్లోని పైక్స్ పీక్ కొండ రేసు 14,115 అడుగుల దగ్గర ముగుస్తుంది. 2013లో సెబాస్టియన్ లోబ్ అక్కడ 8 నిమిషాల 13 సెకన్లకు రికార్డు కొట్టిన ప్యూజోలో ఉన్నది రెండు టర్బోల వీ6.

హ్యూస్టన్ దాదాపు సముద్రమట్టానికే ఉంటుంది. అక్కడ 460 అంటే 460. మా తమ్ముడు కొన్నది వాడి ఊరికి సరైన కారే. హైదరాబాద్ 1,750 అడుగులకు కాస్త పైన ఉంటుంది, 5 శాతం పోతుంది. విశాఖలో అదీ పోదు. కాబట్టి మన ఊళ్లలో కొనేవాళ్లు ఎత్తు కంటే ఎండ గురించే ఎక్కువ ఆలోచించాలి. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలర్ మే నెల ట్రాఫిక్‌లో తనే కాగిపోయి ఉంటుంది. అప్పుడు కారులోని కంప్యూటర్ ఇంజిన్‌ని కాపాడటానికి శక్తి తగ్గిస్తుంది.

లెక్క అయ్యాక నడిపి చూడాలి. ఇది మాత్రం తొందరపడి చేయొద్దు. షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ వేస్తే ఏమీ తెలియదు. రెండు కార్లనీ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, మీరు రోజూ వెళ్లే దారిలోనే నడపండి. కూలెంట్ ముల్లు మామూలు చోటికి వచ్చాక ఇంకో పది నిమిషాలు నెమ్మదిగా పోనివ్వండి. ఆయిల్ దానికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది.

తర్వాత ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేర్‌లో 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర పెడల్ పూర్తిగా నొక్కండి. సీటు వీపుని తోసేదాకా మనసులో లెక్కపెట్టండి. వీ8 వెంటనే కదులుతుంది, నెమ్మదిగా మొదలై 7,000 దాకా పెరుగుతూనే పోతుంది. టర్బో ఒక్క క్షణం ఆగి ఒక్కసారిగా తోస్తుంది, 6,000 చేరేసరికి దాని ఊపు అయిపోతుంది. ఆ క్షణం ఆలస్యం మీకు చిరాకు తెప్పిస్తే, కొన్నాక రోజూ తెప్పిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరడం కూడా చూడండి. బూస్ట్ వచ్చేదాకా నాది వట్టి 2.3 లీటర్ల ఇంజినే, డెన్వర్‌లో ఆ మొదటి కొన్ని అడుగులు బరువుగా ఉంటాయి.

మలుపుల్లో అసలు తేడా బయటపడుతుంది. గోల్డెన్ దగ్గర లుకౌట్ మౌంటెన్ రోడ్డు ఎక్కుతూ మేమిద్దరం కార్లు మార్చుకున్నాం. మలుపు మధ్యలో పెడల్ ఒక అంగుళం తగ్గించి మళ్లీ నొక్కితే వీ8 సరిగ్గా ఆ అంగుళానికి తగినంతే ఇస్తుంది. పాదానికి, వెనక చక్రానికి మధ్య దారం కట్టినట్టుంటుంది. నా కారులో ఆ పని ముందే ఊహించి చేయాలి, మలుపు అయిపోకముందే పెడల్ మీద కాలు వేయాలి. నాలుగేళ్లుగా నడుపుతున్నాను, అలవాటైంది, ఇష్టం కూడా. కానీ వీ8లో ఉన్న ఆ కచ్చితత్వం టర్బోలో లేదని నా కారు పక్కన నిలబడే చెబుతాను. శబ్దం సంగతి సరేసరి. ముక్కు వైపు బరువు తక్కువ కాబట్టి నాది మలుపులోకి తేలిగ్గా తిరుగుతుంది, ఇది మా తమ్ముడే ఒప్పుకున్నాడు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే టర్బోకి ఇంకొంచెం ఓపిక కావాలి. చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, బానెట్ మీద చెయ్యి పెట్టి వేడిగా లేదని నిర్ధారించుకుని, కూలెంట్ మట్టం చూడండి. తగ్గి ఉంటే ఎందుకని అడగండి. స్టార్ట్ చేశాక తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కొనొద్దు. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒకసారి రేస్ చేయించండి. నీలం పొగ వస్తే టర్బో సీళ్ల మీద అనుమానం పెట్టుకోవాలి. కంప్యూటర్‌లో ట్యూన్ చేసి బూస్ట్ పెంచారా అని సూటిగా అడగండి. అమ్మేముందు పాత సెట్టింగ్‌కి మార్చేసే వాళ్లూ ఉంటారు, కాబట్టి మెకానిక్‌కి చూపించకుండా డబ్బు ఇవ్వకండి. వీ8 అయితే చల్లని స్టార్ట్‌లో చెవి పెట్టి వినండి, ఆయిల్ మార్చిన రసీదులు చూడండి. దానికి ఒక్కసారికి 10 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ పడుతుంది, నాదానికి 5.7 చాలు.

కొన్నాక టర్బోతో రెండు జాగ్రత్తలు. ఆరో గేర్‌లో 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర పెడల్ అదిమేయకండి, గేర్ తగ్గించి నొక్కండి. అలా అదిమితే స్పార్క్ పడకముందే ఇంధనం మండి పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత గుర్తున్న ఆయిల్ ఈ సమస్యకి పరీక్షించినదే, అదే వాడండి. రెండోది పెట్రోలు. కొలరాడో బంకుల్లో చవగ్గా దొరికేది 85 ఆక్టేన్. ఆ అంకె ఎంత ఎక్కువైతే, ఒత్తిడిలో ముందే మండిపోకుండా పెట్రోలు అంత తట్టుకుంటుంది. పలచని గాలిలో అది పాతకాలం ఇంజిన్లకి సరిపోయేదేమో గానీ, టర్బో ఆ గాలిని మళ్లీ ఒత్తుతుంది కదా, దానికి సరిపోదు. నేను 91 తప్ప వేరేది పోయను. మా తమ్ముడు తిరుగు ప్రయాణానికి ట్యాంకు నింపుకుంటూ 85 పైపు అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. వాడి ఇంజిన్ కంప్రెషన్ 12, అంటే లోపలి గాలిని పన్నెండో వంతుకి నొక్కుతుంది, దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, టెక్సాస్ మైదానానికి చేరేసరికి ఆ పెట్రోలు ఇంకా ట్యాంకులోనే ఉంటుంది.