మొదటిసారి ఫ్లైట్ ఎక్కుతున్నారా? పాస్‌పోర్టు బ్యాగులో పెట్టకండి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి శంషాబాద్ వెళ్లి మొదటిసారి గల్ఫ్ విమానం ఎక్కబోతున్న తమ్ముళ్ల కోసం ఇది. ఇంట్లోవాళ్లు కట్టిచ్చిన సకినాలు, మామిడికాయ తొక్కు, వీసా కాగితాల ఫైలు, అన్నీ ఒకే చేతిబ్యాగులో కుక్కి నెత్తి మీది అరలో పెడతాం. నా భయమంతా ఆ బ్యాగు గురించే.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి బయల్దేరిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వే మీద పడి, ఈడ్చుకుంటూ పోయి అంటుకుంది. లోపల 300 మంది. దిగమని సిబ్బంది అరుస్తుంటే కొందరు అరలు తెరిచి బ్యాగులు దించుకుంటున్నారు, ఆ వీడియో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ప్రయాణికులందరూ బయటపడ్డారు, కానీ కొద్ది నిమిషాలకే ఇంధన ట్యాంకు పేలి, మంటలార్పుతున్న ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో మంటల్లో చిక్కిన జపాన్ విమానం నుంచి 379 మందీ ప్రాణాలతో దిగారు. సామాను వదిలేయమంటే వదిలేశారు.

అందుకే పాస్‌పోర్టు, వీసా, ఫోను, కాసిన్ని పైసలు చిన్న పౌచ్‌లో పెట్టి అంగీ లోపల మెడకు వేసుకోండి. అప్పుడు బ్యాగు మీదికి మనసు పోదు.

సీట్లో కూర్చోగానే బెల్టు రెండు మూడుసార్లు పెట్టి తీసి చూడండి. కారు బెల్టుకు బటన్ నొక్కుతాం, ఇక్కడ బకిల్ మీది రేకును వేళ్లతో పట్టి పైకి ఎత్తాలి, టెన్షన్‌లో వేలు ఆ లేని బటన్ కోసమే వెతుకుతుంది. తర్వాత ముందు తలుపుకు ఎన్ని వరుసలో, వెనక తలుపుకు ఎన్నో లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, సీట్లు తడుముకుంటూ పోవాల్సిందే.

ఇంకొకటి, లైఫ్ జాకెట్. 1996లో హైజాక్ అయిన ఇథియోపియా విమానం ఆఫ్రికా పక్కనున్న కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడితే, చాలామంది లోపలే జాకెట్లు ఊదుకున్నారు. నీళ్లు నిండగానే జాకెట్ మనిషిని పైకప్పుకు ఎత్తేస్తుంది, కిందికి మునిగి తలుపు దగ్గరికి పోలేడు. 175 మందిలో 125 మంది పోయారు. తలుపు దాటాకే జాకెట్‌లో గాలి నింపే తాడు లాగాలి, ఎంత భయమేసినా సరే.

అనౌన్స్‌మెంట్ ఇంగ్లీషులో, అరబ్బీలో ఉండి అర్థం కాకపోతే ముందు సీటు జేబులో బొమ్మల కార్డు ఉంటుంది, తీసి చూడండి. సిగ్గుపడకుండా సిబ్బందిని అడగండి. పవర్‌బ్యాంకు మాత్రం సూట్‌కేసులో వద్దు, పై అరలో కూడా వద్దు, దగ్గరే ఉంచుకోండి, వేడెక్కితే వెంటనే తెలుస్తుంది.

సాగనంపే అన్నలూ, ఆ పౌచ్ ఇంటి దగ్గరే మెడలో వేసి పంపండి.