బోల్టు చేతికి ఊడొస్తుంటే ముందు నంబరు చూడండి

"సార్, మళ్లీ ఊడొచ్చీసిందండి."

పోయిన చలికాలం విజయనగరం దగ్గర ఒక ఎన్‌సీసీ క్యాంపు. నాలుగో లేన్‌లో పడుకున్న కుర్రాడు ఎడమ చెయ్యెత్తి పిలిచాడు. కుడి చేతిలో రైఫిల్ బోల్టు, అదే రౌండ్ ఎక్కించడానికి పిడి పట్టి ముందుకీ వెనక్కీ లాగే ముక్క. ఐదు రౌండ్లు, అంటే ఐదు తూటాలు, కాల్చేలోపు అది మూడోసారి. కాల్పులు నేర్పే ఉస్తాద్ మన సిక్కోలు మనిషే. "అదేటి, నూతిలో చేదనుకున్నావా అలా లాగడానికి?" అని కసిరాడు. కుర్రాడి మొహం మాడిపోయింది. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో, చేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఇలాంటి క్యాంపులకి పిలిస్తే వెళ్తుంటాను. నేనూ ముందు తప్పు కుర్రాడిదే అనుకున్నాను. కాదు.

ఇక్కడ రాసేదంతా లీ-ఎన్‌ఫీల్డ్ జాతి రైఫిళ్ల గురించి. అంటే మన పాత త్రీనాట్‌త్రీ, దాన్నే పాయింట్ 22కి మార్చిన నంబర్ 2 మార్క్ 4. క్యాడెట్లు వాడే డీలక్స్ రైఫిల్ కట్టుబడి వేరు. దీన్ని దానికి అంటగట్టొద్దు.

ఫైరింగ్ పాయింట్ మీదే ఊడితే

తిరిగి దూర్చే ప్రయత్నం చేయొద్దు. మజిల్ (గొట్టం మూతి) టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, చెయ్యెత్తి పిలవండి. "బోల్టే బయటుంది, ఇంక లోపలేముంటుంది" అనుకోవడంలోనే ప్రమాదముంది. రౌండ్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ బోల్టు తలకే ఉంటుంది. అది సరిగ్గా పట్టకపోతే బోల్టు మీ చేతికొస్తుంది, రౌండ్ చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక అది కూర్చునే గదిలో, ఉండిపోతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదంటే బోల్టు తెరవకుండా కనీసం 30 సెకన్లు ఆగాలి. చాంబర్ ఖాళీ అని ఉస్తాద్ కళ్లతో చూసి చెప్పాకే మిగతా పనంతా.

అసలు ఎందుకు ఊడుతుంది

బొబ్బిలి వీణని ఏకాండి అంటారు కదా, ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు. మౌజర్ జాతి రైఫిళ్ల బోల్టు అలాంటిది, తలా ఒళ్లూ ఒకే ముక్క. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు అలా కాదు. తల వేరు, ఒళ్లు వేరు. మరచెంబు మూతలా తలని ఒంటికి మర తిప్పి బిగిస్తారు. తల అరిగితే బోల్టంతా పారేయకుండా తల ఒక్కటే మార్చుకోవచ్చు. 1907లో వచ్చిన మార్క్ 3 దగ్గర్నుంచి మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవాటి దాకా ఇదే పద్ధతి.

ఈ తలకి కుడివైపు ఒక కొక్కెం ఉంటుంది. రైఫిల్ బాడీ మీదున్న గట్టుని పట్టుకుని, పట్టా మీద చక్రంలా అది ముందుకీ వెనక్కీ నడుస్తుంది. గట్టు వెనక కొసన మాత్రం తల పైకి లేవడానికి దారి ఉంది. శుభ్రం చేయడానికి బోల్టు తీసేది అక్కడే. ఆ దారికి గడియ లాంటిది ఒక చిన్న స్ప్రింగు, తలుపు వేసినట్టు తలని అక్కడ ఆపుతుంది. ఫైరింగులో బోల్టు ఊడిందంటే ఆ గడియ పడటం లేదు, లేదా కొక్కెం గట్టుని సరిగ్గా పట్టడం లేదు. బోల్టు చేతికొచ్చే కేసులు ఎక్కువగా ఈ రెంటిలోనే తేలతాయి.

లక్షణం: వెనక్కి లాగిన ప్రతిసారీ బోల్టు మొత్తం చేతికొస్తోంది

ఏ పనిముట్టూ పట్టుకోకముందు నంబరు చూడండి. బోల్టు పిడి వెనక ఒక నంబరు కొట్టి ఉంటుంది. రైఫిల్ బాడీ మీద, బ్యారెల్ బిగిసే చోట కుడివైపు, ఇంకో నంబరు. రెండూ ఒకటే కావాలి.

క్యాంపుల్లో ఇది తప్పడం ఎంత సులువో చెప్తాను. సాయంత్రం టార్పాలిన్ పరిచి పది రైఫిళ్లు విప్పుతారు. పది బోల్టులూ ఒక వరసలో పెడతారు. ఒకడు బ్యారెల్ తుడిచే తాడు ఫుల్‌త్రూ లాగుతుంటాడు, ఒకడు చిందీకి (తుడిచే గుడ్డపీలికకి) నూనె రాస్తుంటాడు, ఇంకొకడు వరసలో చేతికందిన బోల్టు తీసి చేతికందిన రైఫిల్లో పెట్టేస్తాడు. లోపలికి వెళ్లింది కాబట్టి సరిపోయిందనుకుంటాడు. వెళ్లడం వేరు, సరిపడటం వేరు. ఒక్కో బోల్టు దాని రైఫిల్‌తోనే ఏళ్లకేళ్లు నడిచి, దాని గట్టుకి తగ్గట్టే అరుగుతుంది. ఇంకో గట్టు మీద కొక్కెం వదులుగా కూర్చుంటుంది.

త్రీనాట్‌త్రీలో ఇది ఊడిపోవడంతో ఆగదు. బోల్టు మొహానికీ చాంబర్‌కీ మధ్య రౌండ్ అంచు కూర్చునే ఖాళీ 0.064 అంగుళాలకు తగ్గకూడదు, 0.074 దాటకూడదు. బోల్టు మారితే ఈ లెక్క తప్పొచ్చు. ఖాళీ మరీ ఎక్కువైతే కాల్చినప్పుడు ఖోకా (రౌండ్ ఇత్తడి తొడుగు) చిట్లి గ్యాసు మొహం మీదికి వస్తుంది. దీన్ని చూడాల్సింది గేజ్‌తోనే, కంటితో కాదు.

నాలుగో లేన్ రైఫిల్లో ఉన్నది ఆరో లేన్ రైఫిల్ బోల్టు. రెండూ ఖాళీ చేయించి ఎవరిది వాళ్లకి మార్చాం. ఉస్తాద్ కుర్రాడి వైపు చూసి ఏమీ అనలేదు, భుజం మీద ఓసారి చెయ్యేశాడు.

నంబరు సరిగ్గానే ఉంటే తల చూడండి. బోల్టు తీసి తలని వేళ్లతో చివరిదాకా బిగించండి. ఆగేసరికి తల మీది కొక్కెం బోల్టు ఒంటిమీది పొడవాటి గట్టుకి వరసలోకి రావాలి. హడావుడిలో ఒక చుట్టు తక్కువ తిప్పినా వరస కుదిరినట్టే కనబడుతుంది, అదే మోసం. అలాంటప్పుడు బోల్టు ఆ మేరకు పొడవై, రౌండ్ పెట్టాక పిడి కిందికి పడదు. అరచేత్తో బాది వేయబోతారు, వద్దు. తీసి పూర్తిగా బిగిస్తే సరిపోతుంది. అలా కాక ఎంత తిప్పినా ఆగకుండా వరస దాటి పోతోందంటే మర అరిగిపోయింది. అది మీ చేతిలో బాగయ్యేది కాదు.

తలా బాగుంటే గడియ స్ప్రింగు. ఖాళీ రైఫిల్లో బోల్టుని చివరిదాకా వెనక్కి లాగి, చూపుడువేలితో తలని కింది నుంచి పైకి ఎత్తండి. ఆరోగ్యంగా ఉన్న స్ప్రింగు కాసేపు మొండికేసి, తర్వాత 'టక్'మని వదులుతుంది. వేలు తగలగానే తల లేచిపోతే స్ప్రింగు చచ్చింది. చప్పుడు లేకపోవడమే గుర్తు. ఈ స్ప్రింగు బాడీలో దాగి ఉంటుంది కాబట్టి పైన ఎంత తళతళలాడేలా తుడిచినా దాని దాకా నూనె చేరదు. కళింగపట్నం, భావనపాడు వైపు తీరంలో ఉప్పుగాలికి ఇంటి తలుపు బందులే ఏడాది తిరక్కుండా తుప్పెక్కుతాయి, ఇదెంత.

నాలుగో లేన్ రైఫిల్‌కి సొంత బోల్టు పెట్టాక రెండు రౌండ్లు బాగా నడిచింది. మూడో రౌండ్‌కి మళ్లీ ఊడింది. నంబరు దొరగ్గానే పనైపోయిందనుకున్న నాకు సిగ్గేసింది. చాంబర్ చూపించి ఖాళీ చేశాక వేలు పెట్టి ఎత్తితే టక్ లేదు, ఏమీ లేదు. బోల్టు మారడం నిజం, స్ప్రింగు పోవడమూ నిజం. ఒక కారణం దొరికిందని రెండోది వెతకడం మానకండి.

కొక్కెం అంచు విరిగినా, గట్టు పెచ్చులూడినా వేలిగోటితో మెల్లగా రాస్తే తెలుస్తుంది, గోరు ఆగుతుంది. క్యాంపులో ఒకాయన ఉత్సాహంగా "మా బావమరిదికి లేత్ ఉందండి, ఓ చుక్క వెల్డింగ్ పెట్టించీమంటారా?" అన్నాడు. బాబూ, ఆ ఇనుముకి గట్టితనం కాల్చి చల్లార్చిన లెక్కలో వస్తుంది. వెల్డింగ్ వేడి తగిలితే ఆ లెక్క పోతుంది. పైగా 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ రిపేరు చేయడమే నేరం. రైఫిల్‌కి చీటీ కట్టి, లక్షణం రాసి, కోత్ (ఆయుధాలు భద్రపరిచే గది) ద్వారా ఆర్మరర్‌కి పంపడమే దారి. చీటీ మీద "పనిచేయుట లేదు" అని రాస్తే మాకేం అర్థం కాదు. "వెనక్కి లాగితే తల లేస్తోంది, టక్ లేదు" అని రాయండి.

లక్షణం: బోల్టు వెనక ముక్క తిరుగుతోంది

రౌండ్‌ని పొడిచి పేల్చే సూది స్ట్రైకర్. బోల్టు వెనకుండే ముక్క కాకింగ్ పీస్. దాన్లోకి స్ట్రైకర్ మర తిరిగి దిగుతుంది. అది కదలకుండా ఒక చిన్న స్క్రూ పట్టి ఉంచుతుంది. ఆ స్క్రూ వదులైతే కాల్చే కొద్దీ స్ట్రైకర్ కొంచెం కొంచెంగా తిరిగి, ముందున్న మొన పొడవు మారిపోతుంది. మొన తగ్గితే రౌండ్ పేలదు, పెరిగితే అసలే ప్రమాదం. స్ట్రైకర్ వెనక కొస కాకింగ్ పీస్‌తో సమంగా ఉందా, స్క్రూ కూర్చుని ఉందా చూడండి. స్క్రూ లేని రైఫిల్‌ని ఆ రోజు లైన్‌లోంచి తీసేయండి.

బోల్టు బయటుండగా సరదాకి కాకింగ్ పీస్‌ని తిప్పే కుర్రాళ్లుంటారు. అది ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి జారి ముందుకి కూర్చుంటుంది, తర్వాత బోల్టు రైఫిల్లోకి పోనే పోదు. ఇది పాడవడం కాదు. కాకింగ్ పీస్‌ని బల్ల అంచుకి ఆనించి, వెనక్కి లాగి, పాత గాడిలోకి తిప్పితే చాలు. వేళ్లు నలగకుండా చూసుకోండి, ఆ స్ప్రింగు బలంగానే ఉంటుంది.

లక్షణం: ఖోకా రావడం లేదు

ఎక్స్‌ట్రాక్టర్ స్క్రూ వదులైనా, దాని స్ప్రింగు విరిగినా అంతే. పాయింట్ 22 నంబర్ 2 మార్క్ 4లో మేగజైన్ డబ్బాకి లోపల స్ప్రింగు ఉండదు, కాల్చిన ఖోకాలు పడటానికే దాన్ని ఉంచారు. క్యాడెట్లు దాన్ని ఖాళీ చేయడం మర్చిపోతే ఖోకాలు పైదాకా నిండి బోల్టుకి అడ్డం పడతాయి. ఇంకేదో పోయిందని కంగారుపడేముందు డబ్బా తీసి బోర్లించండి.

నెల తర్వాత ఆ నాలుగో లేన్ రైఫిల్ స్ప్రింగు చూశాను. సముద్రానికి దగ్గరున్న కాలేజీ కోత్‌లోంచి వచ్చిన రైఫిల్ అది. స్ప్రింగు కాగితంలో చుట్టి ఉంది. విప్పితే తుప్పుపొడి ముందు రాలింది, తర్వాత రెండు ముక్కలు. కుర్రాడు మాత్రం ఆ రోజే పక్క రైఫిల్‌తో 25 గజాల మీద మిగిలిన రౌండ్లు కాల్చి, టార్గెట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.