మీ ప్రాంతీయ విమాన సంస్థ చేతులు మారిందా? ఓటు వేసే ముందు ఈ కాగితాలు చూడండి

డాలస్‌లో తెలుగువాళ్ల విందుకు ఎక్కడికి వెళ్లినా నాకు ఒక సలహా తప్పదు: "కొత్త యాజమాన్యం నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారిపోవచ్చు కదా!" సాఫ్ట్‌వేర్‌లో మారిన ప్రతిసారీ జీతం పెరుగుతుంది కాబట్టి వాళ్లకు అదే తోస్తుంది. మాలాంటి పైలట్ మారితే సీనియారిటీ జాబితాలో మళ్లీ అట్టడుగున నిలబడాలి. పాత సర్వీసును జీతం వరకు లెక్కలోకి తీసుకునే సంస్థలు ఈమధ్య కొన్ని వచ్చాయి. కానీ ఏ ఊరు బేస్, పండగకు సెలవు ఎవరికి, రిజర్వులో (పిలిస్తే రావడానికి సిద్ధంగా) కూర్చునేది ఎవరు, లేఆఫ్ వస్తే ముందు ఎవరు బయటికి పోతారు, ఇవన్నీ తేల్చేది ఆ జాబితాలోని సంఖ్యే. అందుకే సంస్థను అమ్మేశారన్న కబురు రాగానే క్రూ రూములో అంత గుసగుస. అమెరికా ప్రాంతీయ సంస్థల్లో పైలట్లుగా చేరుతున్న మన పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. ఆ గుసగుసలో కొట్టుకుపోకుండా, కొత్త ఒప్పందం మీద ఓటు వేసే ముందు ఏ కాగితం తీసి ఎక్కడ చూడాలో వాళ్ల కోసం రాస్తున్నాను. యూనియన్ కమిటీలో ఒప్పందాలు చదివి చదివి అబ్బిన విద్య ఇది.

మొదట తెలుసుకోవాల్సింది, మీ సంస్థకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. ప్రయాణికుడు టికెట్ కొనేది డెల్టా, యునైటెడ్, అమెరికన్ లాంటి పెద్ద సంస్థ దగ్గర. విమానం తోక మీద రంగూ వాళ్లదే. చాలావరకు ఇంధనం ఖర్చూ వాళ్లదే. మీ సంస్థకు ఎగిరిన గంటకు ఇంత, బయలుదేరిన విమానానికి ఇంత, నెలకు ఒక్కో విమానానికి ఇంత అని కాంట్రాక్టు ప్రకారం ముడుతుంది. సీట్లు నిండినా ఖాళీగా పోయినా ఆ మొత్తంలో పెద్ద తేడా ఉండదు. అలాంటప్పుడు యజమాని లాభం పెంచుకోవాలంటే చేతిలో మిగిలే ఖర్చు ముఖ్యంగా సిబ్బందిదే. పైలట్ల సర్వీసు పెరిగేకొద్దీ సంస్థ ఖరీదైనదవుతుంది. కాంట్రాక్టు గడువు ముగిసేనాటికి కుర్ర పైలట్లున్న మరో సంస్థ తక్కువ ధరకు దొరుకుతుంది. కొత్త యజమాని మంచివాడా చెడ్డవాడా అన్న చర్చకంటే ముందు ఈ లెక్క అర్థమవ్వాలి.

ఇక కాగితాలు. మీ సంస్థగానీ దాని మాతృసంస్థగానీ స్టాక్ మార్కెట్లో నమోదై ఉంటే, ఏటా ప్రభుత్వానికి సమర్పించే 10-కె నివేదిక ఎవరైనా ఉచితంగా చదవచ్చు. వంద పేజీలు దాటిన పుస్తకం చూసి జంకకండి. పెద్ద సంస్థలతో కాంట్రాక్టుల పట్టిక వెతికి, మూడు విషయాలు రాసుకోండి: ఏ రకం విమానాలు ఎన్ని, వాటి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, ఆ విమానాలు ఎవరి సొంతం. మూడోది చాలామంది వదిలేస్తారు. విమానాలు పెద్ద సంస్థవైతే, కాంట్రాక్టు పోయిన రోజున అవి మరొకరి దగ్గరికి ఎగిరిపోతాయి. మీరు మిగులుతారు. విమాన రకం కూడా ముఖ్యమే. పెద్ద సంస్థల పైలట్లు తమ ఒప్పందాల్లో ప్రాంతీయ విమానానికి హద్దు గీసి పెట్టారు: 76 సీట్లు, 86,000 పౌండ్ల గరిష్ఠ టేకాఫ్ బరువు. ఆ హద్దులో ఇమిడే ఎంబ్రయర్ 175లకు గిరాకీ ఉంది. మీ సంస్థ చేతిలో ఉన్నవన్నీ 50 సీట్లవే అయితే గడువు తేదీని ఎర్ర సిరాతో రాసుకోండి.

యజమాని పేరు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఎక్స్‌ప్రెస్‌జెట్ కథ చదవాలి. స్కైవెస్ట్ అనే ప్రాంతీయ సంస్థకు మాతృసంస్థ 2005లో అట్లాంటిక్ సౌత్ఈస్ట్ అనే మరో ప్రాంతీయ సంస్థను డెల్టా దగ్గర 42.5 కోట్ల డాలర్లకు కొంది. అట్లాంటిక్ సౌత్ఈస్ట్ పైలట్ల ఒప్పందం 2002 నుంచే సవరణకు వచ్చి ఉంది. కొత్త ఒప్పందం కుదిరేసరికి 2007 అయింది. 2010లో ఎక్స్‌ప్రెస్‌జెట్‌నూ కొని ఈ రెండింటినీ కలిపారు. స్కైవెస్ట్ సొంత పైలట్ల జాబితాతో మాత్రం ఎన్నడూ కలపలేదు. 2019 జనవరిలో ఎక్స్‌ప్రెస్‌జెట్‌ను మనాఎయిర్ అనే సంస్థకు అమ్మేశారు. అందులో యునైటెడ్ వాటా 49.9 శాతం. పనిచ్చేవాడే వాటాదారు, ఇక భయమేమిటి అనుకున్నారు జనం. 2020లో కోవిడ్ దెబ్బకు ప్రయాణాలు పడిపోయాక, 50 సీట్ల విమానాల పనిని యునైటెడ్ తనకు వాటా ఉన్న మరో సంస్థ కమ్యూటెయిర్‌కు కట్టబెట్టింది. ఆ సెప్టెంబరు 30తో ఎక్స్‌ప్రెస్‌జెట్ యునైటెడ్ కోసం ఎగరడం ఆగిపోయింది. వాటా రక్షణ కాదు. గడువున్న కాంట్రాక్టు కొంతవరకు రక్షణ, అదీ రద్దు నిబంధనలు చదివాకే.

తర్వాత, అమ్మకం ప్రకటనలో "విడివిడిగా నడుస్తాయి" అన్న మాట ఉందా లేదా చూడండి. పైలట్‌కు అందులో అదే అసలు వాక్యం. 2001లో టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థ అమెరికన్‌లో కలిసినప్పుడు, అక్కడి పైలట్లలో చాలామంది జాబితా చివరికి పోయారు. ఆ చేదు తర్వాత 2007లో మెకాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది. రెండు సంస్థలు ఒకటైతే జాబితాలను న్యాయంగా కలపాలి, రాజీ కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలి అన్నది దాని సారం. సంస్థలను కలపకుండా ఒకే యజమాని పక్కపక్కన నడిపితే ఆ చట్టం మీ గుమ్మం తొక్కదు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది మీ ఒప్పందంలో ఉంటే గింటే వారసత్వ నిబంధనే, అంటే సంస్థను కొన్నవాడు ఈ ఒప్పందానికీ కట్టుబడాలన్న షరతు. మీ ఒప్పందం పుస్తకంలో అది సాధారణంగా మొదటి సెక్షన్లోనే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో రిపబ్లిక్, మెసా అనే ప్రాంతీయ సంస్థలు విలీనం ప్రకటించినప్పుడు నేను మొదట చూసింది ఇదే. ఒక చోట టీమ్‌స్టర్స్ యూనియన్, రెండో చోట ఆల్పా అనే పైలట్ల యూనియన్. ఇలాంటి చోట రెండు యూనియన్ల మధ్య బేరం యజమానితో బేరం కంటే కఠినంగా ఉంటుంది.

విడివిడిగా నడిపినప్పుడు జరిగే ఆట ఒకటుంది: పక్కింటివాణ్ణి చూపించి మిమ్మల్ని బెదిరించడం. 2013లో పీఎస్ఏ అనే ప్రాంతీయ సంస్థ పైలట్లు జీతాల విషయంలో తగ్గి కొత్త సీఆర్‌జే-900 విమానాలు తెచ్చుకున్నారు. 2014 నాటికి పీఎస్ఏ, ఎన్వాయ్ అనే మరో ప్రాంతీయ సంస్థ రెండూ అమెరికన్ గూటివే. ఆ మార్చిలో ఎన్వాయ్ పైలట్లు కోతల ప్రతిపాదనను ఓటుతో తిప్పికొట్టారు. విమానాలు వేరేచోటికి పోతాయని యాజమాన్యం తేల్చేసింది. ఏడాది తిరక్కముందే ఎంబ్రయర్ 175ల హామీతో వచ్చిన మరో ప్రతిపాదనకు ఒప్పుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఇలాంటి ఓటు మీ ముందుకు వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "విమానాలు ఇస్తాం" అన్నది ఒప్పందంలో రాశారా, లేక సమావేశంలో అన్నారా? రాసి ఉంటే, ఇవ్వకపోయినప్పుడు మనం వదులుకున్నది తిరిగి వస్తుందా?

బోనసు దగ్గర మరింత జాగ్రత్త. ఒకసారి క్రూ రూములో ఒక కుర్ర ఫస్ట్ ఆఫీసరు కరపత్రం తెచ్చి చూపించింది. మొదటి పేజీలో బోనసు అంకె బొద్దు అక్షరాల్లో ఉంది. తిరిగి చెల్లించే షరతు పదకొండో పేజీలో, అనుబంధం కింద. రెండేళ్లలోపు మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలట, పనిచేసిన నెలలకు తగ్గింపు లేదు. పైగా పన్ను కోయకముందున్న మొత్తం కట్టాలి, చేతికి వచ్చింది మాత్రం కోసిన తర్వాతది. తిరిగి కట్టాల్సింది ఏ నెలకు ఎంత తగ్గుతుందో, సంస్థే మిమ్మల్ని తీసేస్తే ఏమవుతుందో రాతపూర్వకంగా అడిగాకే సంతకం పెట్టండి. జీతం పెంపుకూ గడువు ఉండవచ్చు. 2022 జూన్‌లో అమెరికన్ ప్రాంతీయ సంస్థలు కొత్త ఫస్ట్ ఆఫీసరుకు గంటకు 90 డాలర్లు, కెప్టెన్‌కు 146 అని ప్రకటించి అందరినీ అదరగొట్టాయి. అందులోని 50 శాతం అదనం 2024 ఆగస్టు చివరి దాకా అని అదే కాగితంలో ఉంది.

గంట రేటు పక్కనే హామీ గంటలు చూడండి. మన దేశంలో 2024లో విస్తారా పైలట్లు భగ్గుమన్నది ఇక్కడే. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు వచ్చిన కొత్త ఒప్పందంలో, ఎగిరినా ఎగరకపోయినా దక్కే గంటలు 70 నుంచి 40కి తగ్గాయి. ఆ ఏప్రిల్‌లో సర్వీసులు రద్దయి ప్రయాణికులు విమానాశ్రయాల్లో అవస్థలు పడ్డారు.

కోపం వస్తుంది, సహజం. కానీ అమెరికాలో దాన్ని చూపించే తీరుకు చట్టం ఉంది. రైల్వే లేబర్ చట్టం కింద మన ఒప్పందాలకు కాలం చెల్లదు. సవరణ తేదీ దాటినా పాత నిబంధనలే నడుస్తాయి. జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు ఇరుపక్షాలనూ చర్చల నుంచి వదిలిపెట్టి, 30 రోజుల విరామం గడిస్తేగాని సమ్మె కుదరదు. డెల్టా కొన్న తర్వాత కామెయిర్ అనే ప్రాంతీయ సంస్థ పైలట్లు ఆ దారిలోనే వెళ్లి 2001లో 89 రోజులు సమ్మె చేశారు. 1999లో అమెరికన్ సంస్థ రెనో ఎయిర్‌ను కొన్నప్పుడు మాత్రం పైలట్లు మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. కోర్టు వాళ్ల యూనియన్‌కు సుమారు 4.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అందుకే వాట్సాప్ గుంపులో "రేపు అందరం సిక్ కాల్ చేద్దాం" అన్న సందేశం వస్తే దానికి బొటనవేలి గుర్తు కూడా పెట్టకండి, కోర్టులో అదే సాక్ష్యం. సెలవు రోజున యూనిఫాం వేసుకుని, యూనియన్ పిలిచిన చోట ప్లకార్డు పట్టుకుని నిలబడండి. అది చట్టబద్ధం. ఫిర్యాదుల్ని ఒప్పందంలో ఇచ్చిన గడువులోపు నమోదు చేయండి, గడువు దాటితే న్యాయం మీవైపున్నా పనికిరాదు.

చివరగా, అమ్మకం వార్త వచ్చిన రోజునే చేయాల్సిన చిన్న పనులు. ఆనాటి సీనియారిటీ జాబితా ప్రతి దాచుకోండి. చేరిన తేదీ, పుట్టిన తేదీ తప్పుగా పడి ఉంటే ఇప్పుడే సరిదిద్దించండి, జాబితాలు కలిపేటప్పుడు ఆ తప్పు మీ నెత్తిన పడుతుంది. లాగ్‌బుక్ సంస్థ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉంటే, నెలవారీ వివరాలన్నీ మీ సొంత కంప్యూటర్లోకి దించుకోండి. సంస్థ మూతపడితే ఆ లాగిన్ కూడా మూతపడుతుంది. శిక్షణ, చెక్‌రైడ్ (విమానం నడిపే పరీక్ష) పత్రాలూ అంతే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దగ్గరున్న పైలట్ రికార్డుల డేటాబేస్‌లో మీ పేరిట ఏమి నమోదైందో ఒకసారి తెరిచి చూడండి. తప్పుంటే, రాసిన సంస్థ ఉండగానే దిద్దించడం తేలిక.