రాతి చిత్రాల్లో వాన జాడను చదవడం ఎలా?

ఎడారి రాతి చిత్రాలను చూసి ఒకనాటి వాతావరణాన్ని అంచనా వేయడం అభ్యాసంతో అబ్బే పని. సహారా చిత్రాల ఫొటోలతో మొదలుపెట్టి, తరువాత హనుమకొండ నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన రేగొండ దగ్గరి పాండవుల గుట్టలోని రాతి చిత్రాల మీద కన్ను సాధన చేసుకోవడం మేలు.

ముందుగా బొమ్మలోని జంతువును గుర్తించి, అది బతకడానికి ఎంత నీరు, ఎలాంటి మేత కావాలో నోటుపుస్తకంలో రాసుకోవాలి. అల్జీరియాలోని తస్సిలి నజ్జేర్ పీఠభూమిలో 15,000కు పైగా చిత్రాలు, చెక్కడాలు ఉన్నాయి. ఇప్పుడు ఇసుకా బండలే కనిపించే ఆ ప్రాంతంలో నీటిగుర్రం బొమ్మ ఉందంటే, ఏడాది పొడవునా ఎండని మడుగు ఆ దరిదాపుల్లో ఉండేదని అనుకోవచ్చు. ఆవుల మందలు పచ్చిక బయళ్లను సూచిస్తాయి. ఆ తరువాత గుర్రాలు, చివరికి సుమారు రెండు వేల ఏళ్ల కిందటి నుంచి ఒంటెలు కనిపిస్తాయి. నీటిగుర్రం నుంచి ఒంటె దాకా సాగిన ఈ వరుసే నేల ఎండిపోయిన క్రమం.

ఒకప్పుడు అక్కడ అంత వాన పడటానికి కారణం కూడా తెలిసి ఉండాలి. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగడం వల్ల, సుమారు 11,000 నుంచి 5,000 ఏళ్ల కిందటి వరకు ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ ఇప్పటికంటే తీవ్రంగా ఉండి, నేల బాగా వేడెక్కి, ఆఫ్రికా రుతుపవనాలు ఎంతో ఉత్తరానికి చొచ్చుకుపోయాయి. రోహిణిలో రోళ్లు పగిలాక మృగశిరలో ముంగిళ్లు చల్లబడటం చూసిన మనకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు.

తరువాతి పని పొరలను విడదీయడం. నా దృష్టిలో అసలు విద్య ఇదే. మన ఇళ్ల గోడలకు పూసే జాజు లాంటి ఎర్రమట్టి రంగు ఇనుప ఆక్సైడు; అందులో కర్బనం ఉండదు కనుక బొగ్గుతో గీసిన బొమ్మకు చేసినట్టు దానికి రేడియోకార్బన్ పరీక్షతో వయసు కట్టడం కుదరదు. కాబట్టి ఏ గీత మీద ఏ గీత పడిందో చూడాలి; కింద ఉన్నదే పాతది. తెల్ల గీత ఎర్ర గీతను దాటే చోట భూతద్దం పెట్టి, ఎరుపు తెగకుండా సాగిందా, తెలుపు కిందికి వెళ్లి మాయమైందా అని పరిశీలించాలి. కంటికి ఆనని గీతలను డీస్ట్రెచ్ అనే ప్రోగ్రాం ఫొటోలో రంగులను విడదీసి చూపుతుంది.

బొమ్మ చెప్పనిది చెప్పించకూడదు. ఈజిప్టులోని గిల్ఫ్ కెబీర్‌లో 1933లో హంగరీ అన్వేషకుడు ఆల్మాషి కనుగొన్న గుహలో మనుషులు ఈదుతున్నట్టు కనిపిస్తారు. వారు చనిపోయినవారికి సంకేతాలని భావించే పండితులూ ఉన్నారు. అక్కడ చెరువు ఉండేదనడానికి పాత చెరువు అడుగున పేరుకున్న మట్టి, అందులోని పుప్పొడి వంటి వేరే ఆధారాలు కావాలి. పాండవుల గుట్టలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1990లో వెలుగులోకి వచ్చిన ఆ ఇసుకరాయి గుహల్లో అడవిదున్న, జింక, పులి, చిరుత బొమ్మలున్నాయి. ఇవన్నీ మన వాతావరణంలో నేటికీ బతకగల జంతువులే కనుక, వాటిని చూసి ఇక్కడి వాతావరణం తారుమారైందని తేల్చడం తొందరపాటవుతుంది.

బొమ్మ మీద నీళ్లు మాత్రం చల్లకూడదు. విద్యార్థి దశలో రంగు తేటగా కనబడుతుందని సీసాలోని నీళ్లు చిలకరించిన పొరపాటు నాదీ ఉంది; తడి ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకి వచ్చి రంగును పెచ్చులుగా లేపుతుందని నాకు తరువాతే తెలిసింది. ఒకే చోట నిలబడి, పక్కన స్కేలు పెట్టి, ఏటా వానలకు ముందొకసారి, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి ఫొటో తీసి, తేదీ, వేళ, బండ ముఖం ఏ దిక్కున ఉందో రాసి పెట్టుకుంటే, పెచ్చు ఎక్కడ లేస్తున్నదో మరుసటి ఏడు పోల్చి చూడవచ్చు.